పేరు లేని పొట్లం

మీ నొప్పి తగ్గించిన మాత్ర పేరేమిటో మీకు తెలుసా? కనపడని దేవుడికే వెయ్యి పేర్లు పెట్టుకున్నవాళ్లు, రోజూ మింగే మందుకు ఒక్క పేరు అడగరేం?

నా కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. సీసా మూత రాదు, జాకెట్టు హుక్కు పడదు. అన్నిటికన్నా గ్యాస్ రెగ్యులేటర్ తిరగదు. నరసరావుపేటలో ఒక్కదాన్నే ఉంటాను కనుక, పొద్దున్నే నా పొయ్యి వెలగాలంటే పక్కింటామె రావాలి. ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమె వేళ్ల కణుపులూ నావిలాగే బుడిపెలు కట్టాయి. అయినా వచ్చి ఒక్క తిప్పు తిప్పి, "ఇంకా బతికే ఉన్నావా అక్కా?" అని నవ్వేది. చాలా రోజులు నేను విన్న మనిషి గొంతు అదొక్కటే.

నాకు డాక్టరు కొన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలిచ్చాడు. ముందు షుగర్ చూశాడు, మోతాదు తగ్గిస్తూ వచ్చాడు, ఆపేశాడు. వేసుకున్నన్నాళ్లు రెగ్యులేటర్ నేనే తిప్పుకున్నాను. ఆమె రావడం మానేసింది. మందు ఆగాక నొప్పి తిరిగొచ్చింది, ఆమె కూడా వచ్చింది.

ఈమధ్య ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఒళ్లు చేసిందని వీధంతా మెచ్చుకుంది. వేళ్లు మాత్రం చురుగ్గా ఆడుతున్నాయి. ఏం వాడుతున్నావని అడిగితే కొంగుముడి విప్పి కాగితం పొట్లం చూపించింది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"ఎవరిచ్చారే?"

"వెల్దుర్తి కాడ ఒకాయన. చానా రోజుల్నించి వాడతన్నా."

"ముఖం అట్టా ఉబ్బిందంటే ఇందులో స్టెరాయిడ్ ఉందేమోనే. షుగర్ పెరుగుద్ది, ఎముకలు గుల్లవుతాయి. డాక్టర్ దగ్గరికి పోదాం పద."

"అయితే ఇప్పుడే అవతల పారేస్తాలే."

"అట్టా ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే!"

"ఏందక్కా నువ్వు! వేసుకోబాకంటావ్, ఆపబాకంటావ్. నీ డాక్టరు ఆపాడు, నీ చెయ్యి పడిపోయింది. ఈయన ఆపలా, నా చెయ్యి ఆడతంది. ఎవరు గొప్పో చెప్పు. నా చెయ్యి ఆడకపోతే నీ పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

సభల్లో పండితులతో వాదించి గెలిచినదాన్ని. ఇక్కడ వాదన ఆమే గెలిచింది. రోజూ నాకు కాఫీ కాచింది ఆ పొట్లం బలమే అయివుంటుంది. "నా పొయ్యి వెలగకపోతే మానె, పద" అన్నాను చివరికి. ఆమె పొట్లం కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి రాలేదు. తన చేతులు చూసి నేను కుళ్లుకుంటున్నానని వీధిలో చెప్పిందట. అటుకులు నానబెట్టుకుని తింటున్నాను. గోడవతల ఆమె గిన్నెలు తోమే చప్పుడు వినిపిస్తుంది. "పోదాం పదవే" అని రోజూ ఇటునుంచి పిలుస్తాను. చప్పుడు కాసేపు ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది.

మీ ఇంట్లో అలాంటి పొట్లం ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. మీ అంతట మీరు ఆపకండి. దాన్ని పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పరీక్షలు చేయించుకోండి. తోడు వచ్చేవాళ్లు లేరంటారా? గోడవతల ఎవరో పిలుస్తున్నారు. పలకండి.