గోడ మీద రెండు మీగడ రంగులు

అక్కకు బాపట్లలో ఉద్యోగం వచ్చి అక్కడే హాస్టల్లో చేరాక, తెనాలి ఇంట్లో మా ఇద్దరి గది నా ఒక్కదానిదైంది. దానికి రంగు కూడా నన్నే ఎంచుకోమన్నారు. పెయింటరు బాబాయ్ కిటికీ పక్కన రెండు షేడ్లు ఒక్కొక్కటీ జానెడు మేర పూసి ఆరనిచ్చారు. రెండూ మీగడ రంగులే.

"రెండూ ఒకటేగా!" అని నాన్న పేపరు తీసుకుని వెళ్లిపోయారు. అమ్మ ఎడమదాన్ని చూపించి, "ఇదైతే తొందరగా మాయదు" అంది.

నాకు కుడిదే నచ్చింది. చాలాసార్లు చదివిన పుస్తకంలో కాగితాలు ఆ రంగుకే తిరుగుతాయి. ఆ సంగతి డైరీలో రాసుకోగలను గాని, పైకి ఎలా చెప్పను?

"ఏంటమ్మా, ఏది వేయమంటావ్?" అన్నారు బాబాయ్.

"ఏదైనా పర్లేదండి" అనేశాను, అలవాటు కొద్దీ.

అమ్మ చూపించిన ఎడమ రంగు కలపమని చెప్పడానికి ఆయన షాపుకి ఫోన్ కలిపారు. ఒకసారి రంగు కలిపాక షాపువాళ్లు వెనక్కి తీసుకోరు.

"ఆగండి బాబాయ్! లైటు వేస్తే అది పచ్చగా కనిపిస్తుందేమో!"

అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. అమ్మ వెంటనే ట్యూబ్‌లైటు వేసింది.

"నిజమేనే! గోడకి కామెర్లొచ్చినట్టుంది."

"ఇంతసేపూ ఆ మాట నోట్లోనే దాచుకున్నావా తల్లీ?" అని నవ్వుతూ బాబాయ్ కుడి రంగు నంబరు ఫోన్లో చదివారు. షాపతను ఆ నంబరు తిరిగి అప్పజెప్పేదాకా నేను గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.