బావమరిది చేపముక్క

చేపల పరీక్షల ల్యాబులో ఆయన్ని అందరూ డేగకళ్లాయన అనేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. మెప్పుకి పొంగిపోయినట్టు కనబడకుండా ఉండటానికి అదో ఉపాయం.

బజారులో ఒక పేరు చెప్పి అమ్మిన చేప నిజంగా ఆ చేపేనా అన్నది తేల్చడం ఆయన పని. ముక్కలోంచి తీసిన డీఎన్‌ఏని మెషిన్ చదివి ఒక గ్రాఫ్ ఇస్తుంది. దాన్ని క్రొమాటోగ్రామ్ అంటారు. అందులో ఆకుపచ్చ, నీలం, నలుపు, ఎరుపు గుట్టలు బారులు తీరి ఉంటాయి. ఒక్కో గుట్ట ఒక్కో అక్షరం. పెద్ద గుట్ట కింద ఇంకో రంగు గుట్ట దూరి కనబడితే వేరే చేప కలిసిందేమోనని అనుమానించాలి. అయితే ప్రతి గ్రాఫ్ అడుగునా ఏ చేపకీ చెందని చిన్న గుట్టల చెత్త కాస్త ఉంటుంది. అందుకని పెద్దదానిలో నాలుగో వంతు కూడా లేని గుట్టను వదిలెయ్యాలని ల్యాబు నియమం. ఆ కొలతను పెంచడానికీ తగ్గించడానికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్లైడర్ ఉంది. ఆయనకి ఆ సాఫ్ట్‌వేర్ ఎవరూ నేర్పలేదు. కనబడ్డ బటనల్లా నొక్కి, చెడగొట్టి, బాగుచేసి తనే పట్టు సాధించాడు.

ఒకరోజు పరీక్షకి వచ్చిన డబ్బాల్లో ఒకదాని మీద బావమరిది దుకాణం పేరుంది.

"మీవాళ్లదే కదా, ఇంకొకరికి ఇవ్వనా?" అంది ల్యాబు పెద్ద అయిన మేడమ్.

"అక్కర్లేదు మేడమ్. నా చుట్టరికం గేటు బయటే ఆగిపోతుంది."

గ్రాఫ్ శుభ్రంగా ఉంది. ఇంకెవరిదైనా అయితే టీ చల్లారేలోపు 'సరైనదే' అని రాసి పంపేసేవాడు. కానీ బావమరిదని వదిలేశాడని ఎవరైనా అంటే? స్లైడర్ కాస్త కిందికి లాగాడు. ఏమీ లేదు. ఇంకాస్త లాగాడు. అప్పుడు ప్రతి గుట్ట అడుగునా గడ్డిపరకల్లా చిన్న చిన్న గుట్టలు లేచాయి. దొరికాడు అనుకున్నాడు. బాధ కలిగింది, కొంచెం గర్వం కూడా కలిగింది.

'వేరే చేప కలిసింది' అని రిపోర్టు వెళ్లింది. మీటింగులో మేడమ్ ఆయన నిజాయితీని మెచ్చుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. అటు బావమరిది దుకాణాన్ని అధికారులు మూయించారు. విచారణలో రుజువైతే లైసెన్సు పోతుంది.

దుకాణం మూతపడ్డ సాయంత్రం ఇంటికొచ్చేసరికి బావమరిది కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

"నేనేమీ కలపలేదు బావా."

"గ్రాఫ్ అబద్ధం చెప్పదురా."

"నిన్ను డేగ అంటారటగా. డేగ బతికేదీ చేపల మీదేగా బావా."

భార్య నీళ్లగ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఏవండీ, అందరివీ ఇలాగే చూస్తారా?"

"లేదు. మనవాడని ఇంకా కిందికి దించి చూశాను. మొహమాటపడి వదిలేశానని ఎవరూ అనకూడదుగా."

"అంటే జనానికి మొహమాటపడ్డారన్నమాట."



మర్నాడు పొద్దున్నే, పోల్చి చూసుకోవడానికి ల్యాబులో ఉంచుకున్న అచ్చమైన చేప గ్రాఫ్ తెరిచాడు. స్లైడర్‌ని బావమరిది ముక్కకి దించిన చోటికే దించాడు. అదే గడ్డి. మిగతా దుకాణాలవీ తెరిచాడు. అన్నిట్లోనూ అంతే. అంత కింద నిలబడి చూస్తే లోకంలో అచ్చమైన చేప ఒక్కటీ లేదు.

మేడమ్ గదికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"ఇప్పుడు మార్చారనుకోండి, బావమరిది కోసం మార్చాడంటారు."

"అంటారు మేడమ్." దేనికి భయపడి అంత కిందికి దించాడో, ఆ మాటే ఇప్పుడు పడాలి. ఊరుకుంటే తన పేరు నిలుస్తుంది, దుకాణం పోతుంది. "తప్పు చదివాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటాను. ఈసారి వేరేవాళ్ల చేత చదివించండి."

పక్క టేబులావిడ నియమం ప్రకారం చదివింది. సరైనదేనని రాయడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. మరుసటి మీటింగులో మేడమ్ మళ్లీ ఆయన నిజాయితీనే మెచ్చుకుంది. ఈసారి చప్పట్లు పలచగా వినబడ్డాయి. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

దుకాణం తెరిచిన రోజు ఆయన వెళ్లాడు. బావమరిది కత్తి ఆపకుండానే అడిగాడు.

"బావా, ఈసారి నా ముక్క వస్తే ఎవరు చూస్తారు?"

"వేరేవాళ్లు. నేను ముట్టుకోకూడదని నేనే రాసిచ్చాను."

"అమ్మయ్య." వాడు చేపను అవతలి వైపుకి తిప్పాడు. "నేనెవరో తెలియనివాళ్లైతే న్యాయంగా చూస్తారు."