రెండు నిమిషాల్లో దాటని సముద్రం

పాండిత్యమంటే వర్ణన అని, వర్ణన అంటే విస్తారమని గాఢంగా నమ్మిన రోజులవి. సంస్కృతాంధ్రాలు గురుముఖతః అభ్యసించి, గ్రంథాలయ శాస్త్రం కోసం అమెరికా వచ్చిన నాకు ఒక రాష్ట్ర శాసనసభా గ్రంథాలయంలో తాత్కాలికోద్యోగం దొరికింది. అక్కడి ముందు హాలులో ఒక పాలరాతి విగ్రహం ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో భాష తెలియకుండా ఓడ దిగి, రంపపు మిల్లులో కూలి చేస్తూ ఇంగ్లీషు నేర్చి, న్యాయవాదియై, చివరకు శాసనసభ్యుడైన మహాశయునిది. ఉదయం రాగానే దానికి నమస్కరించేవాణ్ణి (ఎవరూ చూడనప్పుడే). బస్సులో టికెట్టు అడగడానికే తడబడే నాకు, ఆయన నిండుసభలో వాదించాడన్న ఊహకే ఒళ్లు గగుర్పొడిచేది.

ఆయన జయంతినాడు సందర్శకులకు ఆయనను రెండు నిమిషాల్లో పరిచయం చేయమని పెద్దమ్మగారు (మా గ్రంథాలయాధికారిణికి నేను మనసులో పెట్టుకున్న పేరు) ఆజ్ఞాపించింది. మెప్పిస్తే ఉద్యోగం స్థిరం. లేకుంటే ఉద్యోగంతోపాటు వీసాకూ సెలవు. వారం రోజులు నిఘంటువులు ముందేసుకుని ఇంగ్లీషులో రచించాను. నాతో గది పంచుకున్న కరీంనగర్ సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఓపికగా విని, “అన్నా, గీ సముద్రం ఎప్పుడు దాటుతవ్? టూ మినిట్సే కద. డైరెక్ట్‌గ మ్యాటర్‌కి రా” అన్నాడు. కావ్యధర్మం ఎరుగనివాడని జాలిపడ్డాను.

ఆనాడు ముందుగా ఆయన పుట్టిన నగరాన్ని వర్ణించాను. పిదప సముద్రం. తరంగాలను మదగజాలతో పోల్చినప్పుడు, ముందువరుసలోని వృద్ధుడొకాయన ఏనుగుల కోసం వెనుదిరిగి చూశాడు. ఓడ నడిసంద్రంలో ఉండగానే పెద్దమ్మగారి చేతిగంట మోగింది. మహాశయుడు అమెరికాలో కాలు పెట్టనేలేదు.

ఆమె నన్ను లోపలికి పిలిచినప్పుడు, అంతా అయిపోయిందనుకున్నాను. ఆమె తోలు అట్టల పాత సభానివేదిక తెరిచి ఒక పంక్తిపై వేలుంచింది. మహాశయుని తొలి ప్రసంగం గురించి అక్కడున్నది ఇంతే: గడువు ముగిసింది, సభ్యుడు ఇంకా విషయానికి రాలేదు. పుట తిప్పింది. మర్నాడు ఆయన లేచి పలికింది ఒకే వాక్యం: ముద్దాయికి అతనిపై మోపిన నేరమేమిటో అతని భాషలో వినిపించాలని. ఆ వాక్యమే తరువాత చట్టమైంది.

“నీకూ రేపు ఉంది,” అన్నది ఆమె.

మర్నాడు వచ్చినవారికి ఆ ఒక్క వాక్యమే చెప్పి, విగ్రహాన్ని చూపి ఊరుకున్నాను. వాళ్లు ఒక్కొక్కరే విగ్రహం దగ్గరికి నడిచారు. ఉద్యోగం నిలిచింది.

ముప్పై ఏళ్లు గడిచాయి. మొన్న ఇక్కడి ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మన తెలుగువారి సభలో నాకు రెండు నిమిషాలిచ్చారు. ఆ మహాశయుని గురించే చెబుదామని లేచాను. ఆ పాత మిత్రుడు ముందువరుసలో వాచీ చూసుకుంటూ నవ్వుతున్నాడు. ఓడ మళ్లీ నడిసంద్రంలోనే ఆగింది. ఆయనకు ఒక్క రేపు చాలింది. నాకు ఇన్ని రేపులూ చాలలేదు.