జీరో జీరో త్రీ అనే చెప్పాను

ఆయన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ణి. సొంత అన్న కాదు. హన్మకొండలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల వాళ్ల ఇల్లు. రెండిళ్ల వాళ్లమూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. మా వాడలో విమానం నడిపిన మొదటి మనిషి ఆయనే. డెబ్బైలలో సెలవు మీద వచ్చినప్పుడు తెల్ల చొక్కా వేసుకుని చర్చి మెట్ల మీద నిలబడితే, పెద్దవాళ్లు కూడా ఆయనతో రెండు మాటలు మాట్లాడి గానీ లోపలికి పోయేవాళ్లు కాదు.

మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ మిషన్ దవాఖానలో నర్సు. నేను బీఎస్సీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న రోజుల్లో ఆయన ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు.

"చిన్నమ్మా, వీన్ని నాకియ్యి. లెక్కలల్ల మంచిగున్నడు, కండ్లు మంచిగున్నయి. నేను పైలట్‌ను జేస్త" అన్నాడు అమ్మతో.

"కింద పడితెనో బిడ్డా?"

"నేనుండంగ ఎట్ల పడుతడు? నువ్వు ఫికర్ జెయ్యకు."

అన్నట్టే చేశాడు. హైదరాబాదులో ఫ్లయింగ్ క్లబ్బులో చేర్పించాడు. నాకు అర్థంకాని పాఠాలు తన గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. చిన్న ఊళ్లకు చిన్న విమానాలు నడిపే ఒక కంపెనీలో ఆయన కెప్టెన్. ఎనభైలలో అదే కంపెనీ నన్ను కో-పైలట్‌గా తీసుకుంది. మొదటిసారి ఆయన పక్క సీట్లో కూర్చున్న రోజు నా భుజం తట్టి, "ఇక్కడ అన్న లేడు, తమ్ముడు లేడు. నేను తప్పు జేస్తే మొఖం మీదనే చెప్పు" అన్నాడు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత నమ్మకంతో నన్నెవరూ అప్పటిదాకా పక్కన కూర్చోబెట్టుకోలేదు.

జరిగింది చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే యంత్రం గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. కెప్టెన్ ముందు ఒకటి, కో-పైలట్ ముందు ఒకటి ఉంటాయి. పైన పోయేటప్పుడు అన్ని విమానాలూ ఒకే అంకె పెట్టుకుంటాయి, వెయ్యీ పదమూడు. కిందికి దిగేటప్పుడు ఏ ఊళ్లో దిగుతున్నామో ఆ ఊరి ఒత్తిడిని రేడియోలో అడిగి, మీట తిప్పి ఆ అంకెకు మార్చుకోవాలి. ఒత్తిడి తగ్గిన రోజున పాత అంకె అలాగే ఉంచేస్తే, యంత్రం ఉన్న ఎత్తుకంటే ఎక్కువ చూపిస్తుంది. మనం పైనున్నామనుకుంటూ నేలకు దగ్గరవుతుంటాం.

అది ముసురు పట్టిన రోజు. హైదరాబాదు నుంచి వరంగల్ వస్తున్నాం. వరంగల్ విమానాలు దిగే మామునూరు కంట్రోల్ గదిని నేను రేడియోలో పిలిచాను. మెరుపులకు రేడియో గరగరమంటోంది. అవతలి మనిషి "వన్ జీరో జీరో త్రీ" అన్నాడు, అంటే వెయ్యీ మూడు. నేను అదే తిరిగి చెప్పి, నా ముందున్న యంత్రంలో మార్చుకున్నాను. అన్న తన మీట ముట్టుకోలేదు.

"అన్నా, వన్ జీరో జీరో త్రీ."

"వన్ జీరో వన్ త్రీయే గదా. ఉన్నదే ఉన్నది, మార్చుడేంది?"

"కాదన్నా. జీరో జీరో త్రీ. నీదానికి, నాదానికి మూడు నూర్ల అడుగుల తేడా ఉన్నది, జర చూడు."

"నేను చెవులతోని ఇన్న. నీదే తప్పు పెట్టుకున్నవ్."

"మల్లొక్కసారి అడుగుత."

"ఎన్నిసార్లడుగుతవ్? నవ్వుతరు. సప్పుడు జెయ్యకుండ రన్‌వే చూడు."

రన్‌వే ఎక్కడుంది చూడటానికి? అంతా మబ్బు. ఇంకొంచెం దిగితే మబ్బు కిందికి వస్తామని ఆయన దించుతూనే ఉన్నాడు. నేను నా అంకెలు పైకి చదువుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి మబ్బు చిరిగింది. ఎదురుగా మడికొండ గుట్ట రాళ్లు. కింద కాదు, ఎదురుగా. తడిసి నల్లగా, రాళ్ల సందుల్లో మొలిచిన పొదలు కూడా కనబడేంత దగ్గరగా.

విమానంలో ఇద్దరికీ చెరొక స్టీరింగు ఉంటుంది. నేను నాది రెండు చేతులా వెనక్కి లాగాను. ఇంజన్లు పూర్తిగా పెంచాను. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి గానీ వాటిలో కదలిక లేదు. వెనక ఎవరో ఆడమనిషి కేక వేసింది. గుట్ట మా కడుపు కిందనుంచి జారిపోయింది.

చుట్టూ తిరిగి వచ్చి దిగాం. ఈసారి ఆయన మీట తిప్పి అంకె మార్చుకున్నాడు. ప్రయాణికులు దిగిపోయాక అన్నాడు.

"తమ్మీ, ఇది మనిద్దరి నడుమనే ఉండాలె."

"సరే అన్నా" అన్నాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది కూడా.

ఆ వచ్చే ఆదివారం మా చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఆయన లేచి ముందుకు నడిచాడు. మబ్బు గురించి, గుట్ట గురించి చెప్పాడు. "గా నిమిషంల దేవుడు నా చేతులు వట్టి పైకి లాగిండు. నా చేతులు గావు, అవి దేవుని చేతులు" అన్నాడు. చర్చి అంతా ఆమేన్ అంది. నా పక్కన అమ్మ కళ్లు తుడుచుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. ఆయన పక్కన కూర్చున్నది నేనేనని తెలిసిన వాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు, అదృష్టవంతుడివి అన్నట్టు. నేను తల వంచుకున్నాను. పోనీలే, నలుగురిలో ఒక గొప్ప చెప్పుకున్నాడు, నాదేం పోయిందనుకున్నాను.

ప్రయాణికుల్లో ఒకరు పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. విచారణ పెట్టారు. నాకు పెద్దగా భయం వేయలేదు. కంట్రోల్ గదిలో రేడియో మాటల టేపు ఉంటుంది, నేను సరైన అంకె తిరిగి చెప్పినట్టు అందులో ఉంటుంది. ఉంది కూడా. టేపు వినిపించారు. నా గొంతే, స్పష్టంగా. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు కెప్టెన్‌ను అడిగారు, మరి మీరెందుకు మార్చుకోలేదని.

ఆయన నావైపు చూడలేదు. "రేడియో పని అతనిది సార్. మెరుపుల వల్ల నాకు సరిగా వినబడలేదు. ఏమన్నాడని అతన్ని అడిగాను. వన్ జీరో వన్ త్రీ అన్నాడు. నేను నమ్మాను" అన్నాడు. గుట్ట కనబడగానే విమానాన్ని పైకి లాగింది తానేనన్నాడు. నేను భయపడి బిగుసుకుపోయానని కూడా అన్నాడు.

ఆ చిన్న విమానంలో లోపలి మాటలు పట్టే యంత్రం లేదు. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలకు మా ఇద్దరి నోళ్లే సాక్ష్యం. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. విచారణ చేసేవాళ్లలో పెద్దాయన ఒకరు మెత్తగానే అడిగారు, "నీకు ఆయన మీద ఏమైనా కోపం ఉందా బాబూ?" అని. లేదు సార్, ఆయన నాకు అన్న లాంటివాడు అన్నాను. నిజమే చెప్పాను. ఆ నిజం నాకేమీ పనికిరాలేదు. కెప్టెన్‌కు హెచ్చరికతో సరిపెట్టారు. నా లైసెన్సు కొంతకాలం ఆపేశారు. ఆ తర్వాత కంపెనీ నన్ను తిరిగి తీసుకోలేదు.

నేను ఇంటికి చేరిన కొన్నాళ్లకు ఆయన వచ్చాడు. ఎప్పటిలా చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. విచారణలో ఆయన చెప్పినది ఆ నోటా ఈ నోటా ఆమె చెవిన పడింది గానీ, నేనైతే ఆమెకేమీ చెప్పలేదు.

"తమ్మీ, నీకు వయసున్నది. నీకు మల్లొస్తది. నాకు పోతే మల్ల రాదు. పిల్లలు చదువుకుంటాండ్రు."

"నేను చెప్పిన గదన్నా. నీకు రెండుసార్లు చెప్పిన."

"చెప్పినవ్. నేను కాదంటున్ననా?"

"మరి గాడ కాదంటివి గదా."

"నువ్వు నా స్టీరింగు గుంజినవ్ తమ్మీ. గంతమంది వెనుక కూసుండంగ, నా చేతులల్లకెళ్లి గుంజినవ్. అది తెలుస్తే నన్నెవడు కెప్టెన్ అంటడు?"

అప్పటిదాకా నేను ఆయన భయంతో అబద్ధం ఆడాడనుకున్నాను. భయమైతే అర్థం చేసుకోగలిగేవాణ్ణి. ఆయన ప్రాణం నిలబెట్టినందుకు ఆయన నామీద కోపంగా ఉన్నాడు.

అమ్మ గిన్నె చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. "గుంజింది వీడా?" అంది.

ఆయన లేచాడు. "చిన్నమ్మా, అది గాదు..."

"చర్చిల దేవుడంటివి. ఆఫీసుల నేనంటివి. గిప్పుడు వీడంటున్నవ్. పో బిడ్డా. అన్నం తినుమని గూడ అననింక."

ఆయన వెళ్లిపోయాడు. మా గుమ్మం మళ్లీ ఎక్కలేదు. ఆ తర్వాతా చాలా ఏళ్లు కెప్టెన్‌గానే ఉన్నాడు.

అమ్మ ఆ చర్చికి వెళ్లడం మానేసింది. ఆదివారాలు బస్సెక్కి కాజీపేటలో ఇంకో చర్చికి, తననెవరూ ఎరగని చోటికి పోయేది. పాస్టరుగారు ఇంటికొచ్చి అడిగితే, "గానాడు అందరికంటె గట్టిగ ఆమేన్ అన్నది నేనే అయ్యగారు. గాడికచ్చి మల్ల నోరు తెరవలేను" అని చెప్పింది.

నేను రెండేళ్లు హన్మకొండలో ట్యూషన్లు చెప్పాను. ఎనభైల చివర్లో దూరపు ఊళ్లో సరుకులు మోసే విమానాల కంపెనీలో కో-పైలట్ పని దొరికింది. అక్కడి కెప్టెన్ తమిళాయన, నాకంటే బాగా పెద్ద. మంచివాడు. ఒకరోజు దిగుతుండగా నేను ఒత్తిడి అంకె చెప్పాను. ఆయన విని, మార్చుకుని, తల ఊపాడు. నేను మళ్లీ చెప్పాను. ఆయన మళ్లీ తల ఊపాడు. మూడోసారి కూడా చెప్పి, ఆయన ముందున్న యంత్రంలోకి వంగి చూశాను.

దిగాక చాయ్ తాగుతూ, "నా చెవులు బాగానే ఉన్నాయి కదా, అన్నిసార్లు ఎందుకు చెబుతావు?" అని అడిగాడు.

ఆయనకు చెప్పవచ్చు. చెబితే వినేవాడే. కానీ చెప్పాలంటే ముందు ఆయన్ని నమ్మాలి.

"అలవాటు సార్" అన్నాను.