తుర్దిమత్ మేస్త్రి పిలిచిన హషర్

చోర్‌బులాక్ ఊళ్లో తుర్దిమత్ మేస్త్రి చెయ్యి పడని మట్టిగోడ వెతికినా దొరకదు. పదిహేనో ఏట తండ్రి వెనకాల అడుసు తొక్కడం మొదలుపెట్టి, అరవై ఎనిమిదో ఏట కూడా పార భుజాన వేసుకునే తిరుగుతున్నాడు. బడి గోడా ఆయనదే, మసీదు ప్రహరీ ఆయనదే. మనిషి పొట్టి. అరచేతులు మాత్రం తందూరు మూతల్లా ఉంటాయి. నమాజు ఎన్నడూ తప్పలేదు. నమాజు చేస్తే పని ఊడే రోజుల్లో కూడా, చేతులు కడుక్కోవడానికన్నట్టు కాలవ గట్టు దిగి, పెదాలు కదపకుండా దేవుడితో చెప్పుకోవలసింది చెప్పుకుని పైకొచ్చేవాడు.

ఆయనకున్న వ్యసనం ఒక్కటే, వాదన. అదీ ఒక్క మనిషితోనే, మీర్‌హాసిల్ మాస్టారితో.

ఇద్దరూ ఒకే బల్ల మీద అక్షరాలు దిద్దుకున్నారు. మీర్‌హాసిల్ పట్నంలో పెద్ద చదువు చదివి బళ్లో సైన్సు మాస్టారయ్యాడు. ఏటా చలికాలం ఊరి క్లబ్బులో దేవుడు లేడని ఉపన్యాసం ఇవ్వడం ఆయన డ్యూటీ. డ్యూటీయే కాదు, ఆయన నమ్మకం కూడా. ఊరివాళ్లు రాక తప్పదు గనక వచ్చేవాళ్లు. తుర్దిమత్ మాత్రం ముందే వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు.

"మనవాళ్లు రాకెట్టెక్కి ఆకాశంలోకి వెళ్లి చూసొచ్చారు. అక్కడ దేవుడు కనపడలేదు," అన్నాడు మాస్టారు ఒకసారి.

"మా ఆవిడ రోజూ మిద్దె ఎక్కి చూస్తుంది మాస్టారూ. నేనూ కనపడను. అడుసు గుంటలో ఉంటాను మరి," అన్నాడు తుర్దిమత్.

హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. ఆ రోజునుంచి ఇద్దరికీ వారం తిరిగేసరికి ఒక్కసారైనా వాదించుకోకపోతే తిన్నది అరిగేది కాదు.

తర్వాత రోజులు మారాయి. దేవుణ్ణి కాదన్న పాత రాజ్యం పోయింది, మసీదు తలుపులు తెరుచుకున్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో దేవుడు లేడని చెప్పినవాళ్లే కొత్త టోపీలు పెట్టుకుని ముందు వరసలో నిలబడ్డారు. మీర్‌హాసిల్ నిలబడలేదు. "నేను మారితే గదా టోపీ మారేది," అన్నాడు. ఆ మాట తుర్దిమత్‌కి నచ్చింది, గుచ్చుకుంది కూడా.

ఆ ఏడు మే నెలలో కొండమీంచి బురద వరద దిగి కాలవ పక్కనున్న మూడిళ్లని తీసుకుపోయింది. అందులో ఒకటి మాస్టారిది. మిగతా రెండిళ్లూ ఎండాకాలం దాటేలోపే లేచాయి. ఎవరు ఇల్లు కట్టుకున్నా ఇంటికొకడు పార పట్టుకుని వచ్చి పగలంతా పని చేసి, పెట్టింది తిని, పొద్దుగూకేసరికి వెళ్లిపోతాడు. దాన్నే హషర్ అంటారు. ఊరు ఊరంతా అలా లేచిందే. మాస్టారి ఇంటికి మాత్రం ఎవరూ పార ఎత్తలేదు.

కారణం కుర్ర ఇమాం జిక్రుల్లా అన్న మాట. "ముందు ఆయన్ని మసీదుకొచ్చి అందరి ఎదుటా కలిమా చదివి దేవుడొక్కడేనని ఒప్పుకోమనండి. దేవుడు లేడనేవాడికి దేవుణ్ణి మొక్కే చేతులు గోడ కట్టడమేమిటి?" అన్నాడు ఒక శుక్రవారం. జిక్రుల్లా చెడ్డవాడు కాదు. గురువారం గురువారం మగదిక్కు లేని ముగ్గురు ఆడవాళ్ల ఇళ్లకి రొట్టెలు తనే మోసుకెళ్లి ఇస్తాడు. కానీ ఆ మాట కింద ఇంకో నొప్పి ఉందని పెద్దవాళ్లందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట క్లబ్బులో మాస్టారు, జిక్రుల్లా తాత ఎలా వంగి ఎలా సాష్టాంగపడతాడో వేదిక మీద చేసి చూపించి జనాన్ని నవ్వించాడు. ముసలాయన అదే హాల్లో ఉన్నాడు. ఆ అవమానంతో పోయేదాకా టీ కొట్టు మెట్లెక్కలేదు.

మాస్టారూ, ఆయన భార్య హమ్రోబీబీ, పత్తి తూకం వేసే పాత రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఆవిడకి గుండెల నిండా దగ్గు. మంచు పడేలోపు ఆ రేకుల కిందనుంచి తీసుకెళ్లకపోతే నేను చేసేదేమీ లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అక్టోబరు చివరికి వానలు పట్టుకుంటాయి. పచ్చిగోడకి వాన తగిలితే మళ్లీ మట్టే.

సెప్టెంబరు మధ్యలో ఒక పొద్దున మాస్టారు తన పాత స్థలానికి వెళ్లేసరికి తుర్దిమత్ మోకాళ్ల దాకా గుంటలో ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు మేస్త్రీ?"

"కనపడటం లేదా? కళ్లతో చూసిందే నమ్ముతావు గదా. దిగు, తొక్కు."

"జిక్రుల్లా నీకూ చెప్పాడుగా?"

"చెప్పాడు. విన్నాను. వాడి పేరు పెట్టిన రోజు వాళ్లింటికి గోడ కట్టింది నేను. నువ్వు దిగుతావా లేదా?"

రెండు గదులు అనుకున్నది ఒక గదికి కుదించుకున్నారు. నాలుగు వరసల ఎత్తు, అంటే గది చుట్టూ ఒకదాని మీద ఒకటి నాలుగు మట్టి పొరలు. రాత్రి నానిన మట్టిని గడ్డి తరుగు వేసి పొద్దున తొక్కాలి. ఒకడు కింద పారతో ముద్ద కోసి పైకి విసరాలి, ఒకడు గోడ మీద నిలబడి అందుకుని చరచాలి. మొదలెట్టిన వరస ఆ రోజే చుట్టూ తిరిగి కలవాలి. సగంలో ఆపితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర బీట వస్తుంది. వరసకీ వరసకీ మధ్య మూడు రోజులు ఆరనివ్వాలి.

వాదన గుంటలోనే మొదలైంది.

"గోడ ఉందంటే కట్టినవాడు ఉన్నట్టే. లోకం ఉందంటే?" అన్నాడు తుర్దిమత్ పైనుంచి.

"ఆ వాదన పాత ముద్ద, గట్టిపడింది. నువ్వు కట్టావని నాకెలా తెలుసు? చూస్తున్నాను గనక. నీ దేవుణ్ణి కూడా వచ్చి అడుసులో కాళ్లు పెట్టమను, నమ్ముతాను."

"పెట్టాడుగా. ఆ కాళ్లు నీవి."

"నా కాళ్లకి వాతం. ఆయన పనే అయితే నాసిరకం పని!"

హమ్రోబీబీ కెటిల్‌తో పచ్చ టీ తెచ్చి, రొట్టె తుంచి ఇద్దరి మధ్యా పెట్టి, "గోడ పూర్తయ్యేసరికి దేవుడు కూడా చెవులు మూసుకుంటాడు," అని దగ్గుతూ నవ్వింది. రోడ్డు మీద ఎవరో గడ్డి తరుగు మూట పెట్టి పోయారు. బండి మీంచి జారిపడినట్టు ఉంది గానీ జారిన మూటకి అంత చక్కటి ముడి ఉండదు.

రెండో వరస వేస్తుండగా మాస్టారు అడిగాడు. "సరే, లోకానికో మేస్త్రి ఉన్నాడనే అనుకుందాం. మే నెలలో వరద పంపిందెవరు?"

తుర్దిమత్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వరస కలవగానే పార కడుక్కుని ఇంటికెళ్లిపోయాడు. మళ్లీ పనిలోకి వచ్చినప్పుడు గోడెక్కుతూనే అన్నాడు. "ఆలోచించాను. నా దగ్గర జవాబు లేదు."

"ఒప్పుకున్నావా?"

"జవాబు లేదని ఒప్పుకున్నాను. ఆయన లేడని కాదు. విసురు."

మూడో వరస దగ్గర ఒళ్లు మొరాయించింది. ముద్ద ఇప్పుడు గుండెల పైకి లేపి విసరాలి. రెండు గోడలు తిరిగేసరికి మాస్టారు విసిరిన ముద్దల్లో సగం గోడకి తగిలి కిందే పడ్డాయి. పొద్దు వాలింది, వరస కలవలేదు. తుర్దిమత్ కాసేపు ఆ అసంపూర్తి వరసని చూశాడు. తర్వాత పార తిరగేసి, పొద్దున్నుంచి పేర్చిందంతా తనే కిందకి తోసేశాడు. ఇద్దరూ కూలిన మట్టి పక్కన చతికిలబడ్డారు.

అప్పుడు తుర్దిమత్ నోరు జారాడు.

"ఒక్కసారి ఆ కలిమా అనెయ్యి మీర్‌హాసిల్. నాలుక చివరనుంచి. ఆవిడ కోసం. రేపు అరవైమంది వస్తారు."

మాస్టారు ఆయన వైపు తిరిగాడు. "అంటాను. అది అబద్ధమని నాకు తెలుస్తుంది, నీకు తెలుస్తుంది. నీ దేవుడు ఉంటే ఆయనకీ తెలుస్తుంది. ముగ్గురం కలిసి ఎవర్ని మోసం చేసినట్టు?"

తుర్దిమత్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్లుగా తను వినాలని కాచుకున్న మాటని, అబద్ధమైనా సరే ఇమ్మని తనే చెయ్యి చాపాడు. "తప్పయింది," అన్నాడు. "ఆ మాట నిజంగా నీ నోట వచ్చిన రోజు నేను పండగ చేసుకుంటాను. రాకపోయినా గోడ లేస్తుంది. లేవకపోతే నా పేరు మేస్త్రి కాదు."

మాస్టారు వేళ్ల మధ్య మట్టి రాలుస్తూ అన్నాడు. "నేను చెప్పగలిగిన నిజం ఒకటి ఉంది. అది ఇరవై ఏళ్లు ఆలస్యమైంది."

శుక్రవారం నమాజయ్యి జనం బయటికి వస్తుంటే మాస్టారు మసీదు గేటు బయట నిలబడి ఉన్నాడు, టోపీ లేకుండా. తుర్దిమత్ లోపలినుంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"జిక్రుల్లా బాబూ," అన్నాడు మాస్టారు. "మీ తాతని నేను జనంలో వెక్కిరించాను. ఆయన నా తండ్రి వయసువాడు. అది చదువు కాదు, పొగరు. తప్పు. దేవుడి సంగతి మాత్రం నేను అప్పుడేమన్నానో ఇప్పుడూ అదే అంటాను. కానీ మీ తాత సంగతి, తప్పు."

జిక్రుల్లా మొహం ఎర్రబడింది. "నేనడిగింది ఈ మాట కాదు."

"తెలుసు. నా దగ్గర ఉన్నది ఇదే."

తుర్దిమత్ ఒక అడుగు ముందుకేశాడు. "ఎల్లుండి హషర్. పిలిచేది మాస్టారు కాదు, నేను. యాభై మూడేళ్లలో నేను ఎత్తిన గోడ ఏదీ సగంలో ఆగలేదు, ఇదీ ఆగదు. రాగలిగినవాళ్లు పార తెచ్చుకోండి. రాలేనివాళ్ల మీద నాకేం కోపం లేదు."

"భోజనం ఎవరు పెడతారు తాతా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మా ఆవిడ సవ్రినిసా!"

ఇంటికెళ్లి చెబితే సవ్రినిసా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నన్నడిగావా? ఊరందరికీ పలావు అంటే ఇంట్లో ఎన్ని క్యారెట్లున్నాయో తెలుసా నీకు?"

"తెలీదు."

"దేవుడున్నాడో లేడో తేల్చేస్తావు గానీ ఇంట్లో క్యారెట్లున్నాయో లేదో తెలీదు!" అంటూనే పెద్ద డేగిసా దించి బూడిదతో తోమడం మొదలుపెట్టింది. హమ్రోబీబీకి విడిగా, కారం లేని జావ కాచాలన్న సంగతి ఆవిడకి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేకపోయింది.

ఆదివారం తెల్లవారుతూనే తుర్దిమత్ గోడెక్కి కూర్చున్నాడు. ఎండ పొడ వచ్చింది. ఎవరూ లేరు. మాస్టారు గుంటలో దిగి తొక్కుతున్నాడు. "రాకపోతే?" అన్నాడు.

"రాకపోతే మనిద్దరం. రోజుకో గోడ చొప్పున కడదాం. అతుకుల్లో రెల్లు కట్టలు పెడతాను. అందంగా ఉండదు, నిలబడుతుంది."

టీ కొట్టు ఆసామి ముందు వచ్చాడు, దారి తప్పి వచ్చినవాడిలా దిక్కులు చూస్తూ. తర్వాత మాస్టారి దగ్గర చదువుకున్న డ్రైవర్లు ఇద్దరు. తర్వాత గుంపుగా పదిమంది. అందరూ కలిపి పాతికమంది అయ్యారు. ఊళ్లో సగం కూడా కాదు. చాలు. ముద్దలు గాల్లో ఎగరడం మొదలయ్యాయి. "ఓ మాస్టారూ, పరీక్షలో నాకు సున్నా వేశారుగా, ఇదిగో చూడండి!" అని ఒక డ్రైవరు పేద్ద ముద్ద గోడ మీదికి విసిరాడు.

మధ్యాహ్నం జిక్రుల్లా వచ్చాడు. పార తేలేదు. "నా వెనక నిలబడేవాళ్లంతా ఇక్కడే ఉన్నారు, నమాజు ఇక్కడే చేద్దాం," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. అందరూ కాలవలో చేతులూ కాళ్లూ కడుక్కుని, గోడ నీడలో వరస కట్టారు. నమాజు చేస్తున్నంతసేపూ తుర్దిమత్ చెవికి వెనకాల చప్ చప్ మని ఒక్కటే చప్పుడు. అందరూ ఆగితే గుంటలో మట్టి బిగుసుకుంటుందని మాస్టారు ఒక్కడే తొక్కుతున్నాడు. తుర్దిమత్ నుదురు నేలకి ఆనించి, ఆ కాళ్లని వాతం నుంచి కాపాడమని అడిగాడు.

నమాజయ్యాక జిక్రుల్లా వెళ్లిపోబోతూ గుంట దగ్గర ఆగాడు. "ఎడమ మూల ఆరిపోతోంది మాస్టారూ. నీళ్లు పొయ్యండి," అని, బకెట్ అందించి వెళ్లిపోయాడు. పని చెయ్యలేదు. అంతవరకే.

పొద్దు ఉండగానే మూడో వరస కలిసింది. నాలుగో వరసకి ముప్ఫైమంది వచ్చారు. దూలాలు, రెల్లు, పైన మట్టి పూత. ఇంకా వాన మొదలవకముందే హమ్రోబీబీ కెటిల్ చేత్తో పట్టుకుని తన గదిలోకి నడిచింది, గోడకి అరచెయ్యి ఆనించింది.

ఆ సాయంత్రం తుర్దిమత్ గది నాలుగు మూలలూ చూసి, పడమటి గోడ వైపు చూపించాడు. "ఇక్కడ నాకొక చాప వేసి ఉంచు. మన వాదన తెమిలేలోగా నమాజు వేళ అవుతుంది."

"ఉంచుతాను," అన్నాడు మాస్టారు. "ఓడిపోయే వేళకి లేచిపోవడానికి నీకు సాకు కావాలిగా."

"పదేళ్లయినా సరే, ఒప్పిస్తాను నిన్ను."

"పదేళ్లు బతకాలిగా ఇద్దరం."

"దేవుడి దయ," అన్నాడు తుర్దిమత్, కూర్చోడానికి చోటు చూసుకుంటూ.

"అదిగో, మళ్లీ మొదలెట్టావు," అని మాస్టారు టీ పోశాడు.