ముక్తినాథ్ మెట్ల మీద నేను దాచిన దగ్గు

జోమ్‌సోమ్‌లో మొదటి రాత్రి గడిచి తెల్లవారేసరికే నాకు తల పగిలిపోతున్నట్టు ఉండింది. పొడిదగ్గు పట్టుకుంది. మంచం దిగి బాత్‌రూమ్ దాకా నడిస్తే ఆయాసం వచ్చింది. ఈ సంగతి ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు. తర్వాత కడపలో గుండె డాక్టరు అడిగితే అట్లాంటివేమీ లేవన్నాను. మా ఊళ్లో మాత్రం, ముందే చెప్పినా మా తోడల్లుడు ఓబులేసు వినలేదని నలుగురిలో అన్నాను. నా మాట నమ్మి అతన్ని తప్పుపట్టిన వాళ్లలో కొందరైనా ఇది చదువుతారని రాస్తున్నాను.

నాకు ప్రొద్దుటూరులో మెడికల్ షాపు ఉంది. యాభై దాటాయి, షుగర్ ఉంది. నా భార్య రమాదేవిది జమ్మలమడుగు. మా అత్తామామలకు ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నమ్మాయి శైలజను పులివెందుల ఓబులేసుకు ఇచ్చారు. అతను నాకన్నా బాగా చిన్నవాడు. ఇంటర్ తప్పి, కొన్నాళ్లు లారీల మీద ఉత్తరాదికి తిరిగి, హిందీ నేర్చుకొచ్చాడు. తర్వాత జనాన్ని యాత్రలకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ముసలివాళ్లను అతనితో పంపితే భయం లేదని పేరు వచ్చింది.

ఆ పేరే నాకు గిట్టలేదు. నా పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో ఏ పనైనా నన్ను అడిగి చేసేవాళ్లు. మామకు జ్వరం వస్తే నేను పంపిందే మందు. ఓబులేసు వచ్చాక ఫోన్లు మెల్లగా అటు మళ్లాయి. మామ పోయిన రోజు నేను జమ్మలమడుగు చేరేసరికి అతను షామియానా వేయించి కుర్చీలు దించుతున్నాడు. వచ్చినవాళ్లంతా అతని భుజం తట్టి లోపలికి పోతున్నారు. నేను మామ ముఖం చూడాల్సిన వేళ ఆ భుజాన్నే చూస్తూ నిలబడ్డాను.

మామకు ముక్తినాథ్ పోవాలని కోరిక ఉండేది. నేపాల్‌లో, హిమాలయాల మధ్య ఉన్న ఆ గుడి మనకు విష్ణుక్షేత్రం, బౌద్ధులకూ అంతే పవిత్రం. గుడి వెనక గోడకు వరసగా నూట ఎనిమిది ధారలు ఉంటాయి. మంచు కరిగిన నీళ్లు. అన్నింటి కిందా తడిసి, ముందున్న రెండు కుండాల్లో మునిగి దర్శనానికి పోతారు. మామ తీర్చుకోలేని ఆ మొక్కును అత్త తన మీద వేసుకుంది. కొడుకుల్లేని ఇల్లు కాబట్టి ఆయన పేరు మీద స్నానం చేయాల్సింది పెద్దల్లుడినైన నేను. "మా పెద్దల్లుడు చేస్తాడు" అని అత్త చుట్టాలందరికీ చెప్పుకుంది. ఎన్నాళ్లకో నాకు దక్కిన పెద్దరికం అది.

తీసుకుపోయేవాడు మాత్రం ఓబులేసే.

బయలుదేరే ముందు అతను డాక్టరు చీటీ తీసుకుని నా షాపుకే వచ్చాడు. ఎత్తు ప్రదేశాల్లో ఇబ్బంది రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రలు అందరికీ కావాలి.

"అన్నా, కొండెక్కకముందే మొదలుపెట్టాలంట. నువ్వు గూడా ఏసుకో."

"మందులంగడోనికి మాత్రలు జెప్తాండావా?"

అతను నవ్వాడు. "నీకు నేను జెప్తానా! డాక్టరు జెప్పింది జెప్పినా, అంతే."

నా వంతు మాత్రలు నా సంచిలోనే ఉండిపోయాయి. అతని చేతి మాత్ర మింగితే అతని యాత్రలో నేనూ ఒక ముసలివాణ్ని అయిపోతానని అనిపించింది. ఇంతకన్నా కారణం లేదు.

నేను, రమాదేవి, అత్త, ఓబులేసు వెంట వచ్చే మిగతా యాత్రికులు ఎర్రగుంట్లలో రైలెక్కాం. గోరఖ్‌పూర్ దిగి, సరిహద్దు దాటి, పోఖరా మీదుగా జోమ్‌సోమ్ చేరాం. దారి పొడుగునా ఒకటే పిలుపు, ఓబులేసూ, ఓబులేసూ. వేడినీళ్లకు అతనే, మోకాళ్ల నొప్పికి అతనే. నా షాపులో ఏళ్ల తరబడి మందులు కొన్నవాళ్లు కూడా నా పక్కనే కూర్చుని, కడుపు బాగలేదని అతనికి చెప్పుకున్నారు.

జోమ్‌సోమ్‌లో ఊరికే రెండు రాత్రులు ఉండాలన్నాడు. ఒంటికి ఎత్తు అలవాటు కావాలట. అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "తలనొప్పి, దగ్గు, ఆయాసం, ఏది ఉన్నా దాయొద్దండప్పా. పైకి రాకపోతే దేవుడేం అలగడు. ఈడ్నే పండుకుంటే మేమే వచ్చి జెప్తాం, ఎట్లుందో."

నాకు అప్పటికే మూడూ ఉన్నాయి. చెబితే నన్ను జోమ్‌సోమ్‌లో పడుకోబెట్టి, నా స్నానం అతను చేస్తాడు. ఆ ఒక్క ఆలోచన ముందు తలనొప్పి చిన్నదైపోయింది.

గుడికి పోయే రోజు పొద్దున ఒక్కొక్కరి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. నేను ముందే నొప్పి మాత్రలు మింగి, దగ్గు సిరప్ తాగి కూర్చున్నాను. వేలు పెట్టేముందు కాసేపు గట్టిగా ఊపిరి పీలిస్తే అంకె పెరుగుతుందని నాకు తెలుసు. అట్లాగే చేశాను. అతను అంకె చూసి, నా ముఖం చూశాడు.

"అన్నా, మొగం వాడిపోయిందే. ఏమన్నా ఉందా?"

"రాత్రి నీ మనుషుల గురకకు నిద్ర పట్టితే గదా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

జీపు దిగాక గుడి దాకా మెట్లున్నాయి. నాలుగు మెట్లకొకసారి ఆగి, కొండలు చూస్తున్నట్టు నిలబడ్డాను. అత్త ఓబులేసు చెయ్యి పట్టుకుని నాకన్నా ముందు ఎక్కింది. గుడిలో దేవుడి దగ్గర గుండు చేయించుకున్న ఒక సన్యాసిని కూర్చుని ఉంది.

"ఆయమ్మ ఎవురు నాయనా?" అని అత్త అడిగింది.

"బౌద్ధుల సన్యాసిని అత్తా. ఈడ దేవుడు మనకూ వాళ్లకూ ఒకడే. పూజకు మన పంతులూ ఉంటాడు, ఆయమ్మా ఉంటాది."

"బాగుందే. మా అల్లుండ్లు ఒగ జీపులో పక్కపక్కన కుచ్చోలేకున్నారు" అంది అత్త. నేను వేరే జీపులో వచ్చానని ఆమె గమనించిందని అప్పుడే తెలిసింది.

ధారల దగ్గర చొక్కా విప్పాను. అత్త నా పెదాల వైపు చూసింది. "అబ్బీ, నీ మూతి యాల నల్లబడింది? నువ్వొద్దులే నాయనా. చిన్నోడు చేస్తాడులే. ఓబులేసూ, నువ్వు పో."

"వద్దత్తా, ఎవరూ వద్దు. నీళ్లు నెత్తిన జల్లుకుంటే సాలు, మొక్కు తీరినట్టే" అన్నాడు అతను, నా వైపు వస్తూ.

నేను అతన్ని తోసేశాను. అందరి ముందు, రెండు చేతులతో. తోసి, ధారల కిందికి పరుగెత్తాను.

మొదటి కొన్ని ధారలు గుర్తున్నాయి. నీళ్లు తగిలిన చోటల్లా కాల్చినట్టు ఉండింది. తర్వాత ఊపిరి లోపలికి పోవడం మానేసింది. ఎన్ని ధారలు దాటానో తెలియదు. మామ పేరు తలుచుకోవాలన్నది మరిచిపోయాను. అతను చూస్తున్నాడా లేదా అన్నదొక్కటే మనసులో ఉంది. కుండం గట్టు మీద కూలబడ్డాను. దగ్గితే గులాబీ రంగు నురగ వచ్చింది. ఆ సన్యాసిని తన శాలువా తెచ్చి నాకు చుట్టడం, ఓబులేసు నన్ను వీపున వేసుకోవడం తెలిసింది. దిగుతున్నంతసేపూ అతని ఆయాసం నా చెవిలో వినిపించింది.

జీపులో ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకొచ్చాడు. జోమ్‌సోమ్ ఆసుపత్రిలో సూది, మాత్ర ఇచ్చి, ఆగకుండా ఇంకా కిందికి పొమ్మన్నారు. పోఖరా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు హిందీలో చెప్పింది ఓబులేసు మాకు తెలుగులో చెప్పాడు. హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. వెంటనే కిందికి దించకపోయి ఉంటే దక్కేవాణ్ని కాను. "దించింది ఎవరు?" అని డాక్టరు అడిగితే రమాదేవి ఓబులేసును చూపించింది. డాక్టరు అతని భుజం తట్టాడు.

ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని కూడా నేను ఆ తట్టడమే చూశాను. నా ప్రాణం అతని చేతుల మీదుగా నాకు తిరిగొచ్చింది. ఆ సంగతి నేను తట్టుకోలేకపోయాను.

ఊరికి వచ్చాక షాపుకు వచ్చినవాళ్లంతా అదే కథ. "ఓబులేసు లేకుంటే నీ పని అయిపోయిండేది గదప్పా." ఒకరోజు సాయంత్రం షాపు నిండా జనం ఉన్నారు. నా నోట్లోంచి వచ్చేసింది: "వాడేం కాపాడినాడు! బాగలేదని ముందురోజే పక్కకు పిలిచి జెప్పినా. ఏంగాదు రాపో అని పైకి తీసుకపాయె." పక్కకు పిలిచి చెప్పానన్నాను కాబట్టి, గుడి దగ్గర నేను అతన్ని తోయడం చూసినవాళ్లు కూడా ఆ మాట కాదనలేకపోయారు. పైగా చెప్పింది మందులషాపు మనిషి. ఊళ్లో నమ్మేశారు. అతని తర్వాతి యాత్రకు పేర్లిచ్చిన ప్రొద్దుటూరు వాళ్లు తప్పుకున్నారు, వాళ్లను చూసి జమ్మలమడుగు వాళ్లూ మానుకున్నారు. యాత్ర ఆగిపోయింది. అతను పులివెందులలో అద్దె జీపు తోలుకుంటున్నాడని విన్నాను. విన్న రోజు నాకు అన్నం రుచిగా ఉండింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

నాకు ఆయాసం పూర్తిగా తగ్గలేదు. కడపలో గుండె డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన ఈసీజీ తీయించి, పద్ధతిగా అడిగాడు: "ముందురోజు తలనొప్పి, దగ్గు ఉన్నాయా? డయామాక్స్ వేసుకున్నారా?"

నొప్పి మాత్రలతో దాచానని ఒక మందులషాపువాడు డాక్టరుకు ఎట్లా చెప్తాడు? "ఏమీ లేవు సార్. మాత్రలు వేసుకున్నా" అన్నాను.

"మాత్ర వేసుకున్నా, ముందు ఏ సింప్టమ్ లేకుండా ఒక్కసారిగా వచ్చిందంటే, మీ షుగర్‌కు, ఈ ఈసీజీకి నేను గుండెను అనుమానించాల్సిందే. యాంజియోగ్రామ్ చేద్దాం. అందాకా బ్లడ్ థిన్నర్స్ వాడండి."

బయటికి వచ్చాక రమాదేవి అడిగింది: "అంగట్లో ఏమో ముందే ఓబులేసుకు జెప్పినా అంటివి. డాక్టరుకాడ ఏమీ లేదంటాండావు. రెండిట్లో ఏది నిజమప్పా?"

"గమ్మునుండు" అన్నాను. ఆమె గమ్మున ఉంది. ఇంట్లో ఇక అన్నిటికీ గమ్మునే ఉంది.

ఒళ్లు నొప్పులని నా షాపులోంచి నేనే నొప్పి మాత్రలు తీసుకుని మింగేవాణ్ని. అవీ, రక్తం పలచబడే మందులూ కలిసి కడుపులో పుండు చేశాయి. విరేచనం తారులా నల్లగా పోయింది. షాపులోనే కళ్లు తిరిగి పడ్డాను. మళ్లీ కడప. ఎండోస్కోపీ చేశారు, రక్తం ఎక్కించారు. గుండె డాక్టరు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మీరు చెప్పిన దాన్ని బట్టి నేను మందు రాశాను. ఇంకేదైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. లేకుంటే నేను మళ్లీ చీకట్లో రాయాలి."

అన్నీ చెప్పాను. దగ్గు, నొప్పి మాత్రలు, వేయని డయామాక్స్, గట్టిగా పీల్చిన ఊపిరి. ఆయన నన్ను తిట్టలేదు. "ఇది ముందే చెప్పుంటే నేను ఎకో స్కానింగుతో సరిపెట్టేవాణ్ని" అన్నాడు. ఎకోలో గుండె బాగానే ఉంది. ఆ మందులు ఆపేశాడు. రమాదేవి గోడవైపు తిరిగి అంతా వింది. తర్వాత ఒకే మాట అంది. "డాక్టరుకు జెప్తే సాలదు. నా చెల్లెలు మన ఇంటి గడప దొక్కి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా?"

ఇప్పుడు నేను బాగున్నాను. కోలుకోవడానికి నెలలు పట్టింది. పొద్దున నడుస్తాను, షుగర్ అదుపులో ఉంది. డాక్టర్ని అడగకుండా మళ్లీ అంత ఎత్తుకు పోవద్దన్నారు. కొండ యాత్రలకని మందులు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పైన తలనొప్పో దగ్గో ఆయాసమో వస్తే దాన్ని మాత్రతో అణచకండి. పక్కనున్నవాళ్లకు చెప్పి, కిందికి దిగండి.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక పులివెందుల పోయాను. ఓబులేసు స్టాండులో జీపు తుడుస్తున్నాడు. అక్కడే నిలబడి అంతా చెప్పాను. అతను గుడ్డ పిండుతూ విన్నాడు.

"నీకు కోపం రాలేదా? ఒక్క మాటన్నా అనకపోతివే" అన్నాను.

"సచ్చి బతికినోనితో ఏం కొట్లాడేదన్నా. అత్త మొగం జూసి ఊరుకున్న్యా" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. "కానీ ఈడ నాకు జెప్తే ఏం లాభం? నువ్వు యాడ అన్న్యావో ఆడ జెప్పు."

మరుసటి వారం అతన్ని ప్రొద్దుటూరు రమ్మన్నాను. సాయంత్రం, జనం ఉండే వేళ. అతను రోడ్డు మీద మెట్టు దగ్గరే ఆగిపోయాడు. నేను కౌంటరు తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ముందు నిలబడిన పెద్దాయన చీటీ ఊపాడు. "యాడికప్పా, నా బీపీ మాత్రలిచ్చి పో."

"రవ్వంత ఉండు మామా. ఇది నువ్వు గూడా వినాల" అన్నాను. ఓబులేసు ముందుకు పోయి, అందరికీ వినిపించేట్టు చెప్పాను:

"నాకు బాగలేదని ఈయనకు నేను జెప్పలేదు. ఈయనే అడిగినాడు, నేను దాసిపెట్టినా. వద్దంటాంటే తోసేసి నీళ్ల కిందికి పోయినా. నన్ను మోసుకోని దించినోని మీద ఈడనే నిలబడి అబద్ధం జెప్పినా. నిన్ను జూసి ఓర్సలేకపోయినా ఓబులేసూ. తప్పు నాది. నన్ను మన్నించు."