తాత చూసి ఎంచిన ఇయర్‌ఫోన్లు

నా చిన్నప్పుడు సూరత్‌లో మా గల్లీకి పగలే రాత్రి. సగం ఇళ్లలో మగవాళ్లు రాత్రి పాళీలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపి, పొద్దున ఏడింటికి వచ్చి, ఇంత తిని పడుకునేవాళ్లు. మేమున్న లింబాయత్ పేటలో మాలాంటి తెలంగాణ నేతపనివాళ్లవి ఎక్కువగా ఒక్క గది ఇళ్లే. ఒక మూల పొయ్యి, ఒక మూల చీరల కట్టలు, మధ్యలో దుప్పటి కప్పుకుని నిద్రపోయే మనిషి. ఆ మనిషికి నిద్ర చెడితే రాత్రి సాంచె దగ్గర కునుకు పడుతుంది, కునుకు పడితే వేళ్లు పోతాయి. అందుకని పిల్లలం గుసగుసల్లోనే ఆడుకునేవాళ్లం, గుసగుసల్లోనే కొట్లాడుకునేవాళ్లం. గొంతు లేవకుండా తిట్టడంలో ఆ గల్లీలో నన్ను మించినవాళ్లు లేరని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా పక్కింటి అక్క పదో తరగతి సాంఘిక శాస్త్రంలో తప్పింది. పొద్దున్నించి సాయంత్రం దాకా చీరలకి చమ్కీలు అంటించేది. చేతులకి బంక, కళ్లు చీర మీద, ఇక పుస్తకం తెరిచేది ఎప్పుడు? అక్కకి పాఠం చెప్పిన టీచరమ్మ జాలిపడి, పాఠాలన్నీ తన గొంతుతో చదివి రెండు క్యాసెట్లలో నింపి ఇచ్చింది. వాళ్ల అన్నకి చేతిలో పట్టే చిన్న టేపు ఉంది. కానీ ఆ అన్నదే రాత్రి పాళీ. అక్క కూర్చున్న చోటికి జానెడు దూరంలో ఆయన తల ఉండేది. చెవిలో పెట్టుకుని వినే ఇయర్‌ఫోన్లు ఉంటే తప్ప ఆ క్యాసెట్లు పెట్టడానికి లేదు. పాతవాటి తీగని ఎలుక కొరికేసింది. పరీక్ష ఇంకో నెలలో ఉంది. ఈసారి కూడా తప్పితే ఇక చదువు మాట ఎత్తొద్దని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. అక్క ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతూ చెబుతూ ఒక చమ్కీని తలకిందులుగా అంటించింది.

కొత్తవి కొనుక్కొచ్చే పని నాకు అప్పగించారు. అప్పుడు నాకు పదేళ్లు. అక్క దగ్గర ఉన్న డబ్బుకి బజార్లో అన్నిటికంటే చవక రకమే వస్తుంది, అందులో మంచిది చూసి తెమ్మంది. అంతటితో ఆగితే బాగుండేది. పరీక్ష అయిపోయాక అవి నువ్వే తీసుకో చెల్లె, అని కూడా అంది. ఆ క్షణం నుంచీ నేను అక్క కోసం కాదు, నా కోసం కొనడం మొదలుపెట్టాను. బడి మెట్ల మీద అవి పెట్టుకుని కూర్చుంటే ఎవరెవరి ముఖాలు మాడిపోతాయో ముందే లెక్క వేసుకున్నాను.

తోడుగా మా తాత వచ్చాడు. గల్లీ అంతా నవ్వింది, ఎందుకంటే మా తాతకి చెవులు వినపడవు. ఖటోదరాలో సాంచెలు బాగుచేసే మిస్త్రీగా చేసీ చేసీ, ఆ మోతలోనే వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయన్ని పిలవాలంటే నేల మీద కాలితో తట్టాలి. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం పెదాలు చూసి అంతా పట్టేసేవాడు, తెలుగైనా హిందీ అయినా. ఇయర్‌ఫోన్లు తోపుడు బండి మీద కుప్పగా పోసి అమ్ముతున్నారు. నేను తాతని చెయ్యి పట్టి లాగి పిలవడం చూసి, ఈ తాతకి వినపడదు కదా, ఏం తెలుసుకుని కొంటాడని బండివాడు నన్ను హిందీలో అడిగాడు. తాత వాడి పెదాల వంక చూసి, చూసే కొంటాం భాయ్ అని జవాబిచ్చాడు. మూడు రకాలు ఏరాడు. ఇంటికి తీసుకెళ్లి చూసి, సాయంత్రం రెండు తిరిగి ఇచ్చేస్తానని, హామీగా చేతి గడియారం విప్పి బండి మీద పెట్టాడు. బండివాడు నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

ఇప్పటి పిల్లలు ఇవే ఫోనులో చూసి, కింద ముందు కొన్నవాళ్లు ఎన్ని చుక్కలు ఇచ్చారో లెక్కపెట్టి కొంటారు. మాకా రోజు చుక్కలు లేవు, తాతే ఉన్నాడు. ఇంటికి రాగానే అక్క దగ్గర్నించి టేపూ క్యాసెట్టూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కోటి పెట్టుకుని, టీచరమ్మ పాఠం వింటూ, రెండేసి చీరల పోగులు కత్తిరించమన్నాడు. చీర వెనక వేలాడే దారాలు కత్తిరించడం నా రోజువారీ పనే. ఊరికే చెవిలో పెట్టి చూస్తే చాలదా అంటే ఒప్పుకోలేదు. తను ఎదురుగా గోడకి ఆనుకుని, పాత నట్ల డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకుని ఏవో ఏరుకుంటూ కూర్చున్నాడు. ముందు మూడు టీ సాసర్లు కూడా పెట్టుకున్నాడు. ముసలాయన కాలక్షేపం అనుకున్నాను.

మొదట వెండి రంగువి పెట్టుకున్నాను. వాటి మీదే నా మనసంతా. తళతళ మెరుస్తున్నాయి, తీగ కూడా బంగారు రంగు. బండి దగ్గర పాట పెడితే తబలా మోత కడుపులోకి దిగింది. కానీ టీచరమ్మ గొంతు అందులో బిందెలోంచి వచ్చినట్టు వినిపించింది. మోత ఎక్కువ, మాట తక్కువ. పైగా ఆ గట్టి అంచు చెవిని లోపల్నించి నెడుతూనే ఉంది. ఒక చీర కూడా కాకముందే చెవి వేడెక్కింది. సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండోవి నల్లవి. అవి బాగానే పలికేవి, కానీ మెడ ఎడమ పక్కకి వంచితేనే కుడి చెవిలో పలికేవి. మెడ వంచి చీర కత్తిరించబోతే చీరే తెగేట్టు ఉందని వాటిని తొందరగానే తీసేశాను. మూడోవి బూడిద రంగువి, పైన మెత్తటి స్పాంజి తొడుగు. చూడ్డానికి మందుల షాపు సరుకులా ఉన్నాయి. పాటకి పనికిరావు, తబలా ఉందో లేదో కూడా తెలీదు. టీచరమ్మ మాత్రం పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంది. కొంతసేపటికి చెవిలో ఏమైనా ఉన్నదన్న ధ్యాసే పోయింది. రెండు చీరలు అయిపోయి మూడో చీర కూడా అందుకున్నాను.

తాత తల ఎత్తి, ఏది మంచిదని అడిగాడు. నేను తడుముకోలేదు.

"గీ వెండియే మంచిగున్నయి తాతా. చెవుల ఏం ఉన్నట్టే అనిపిస్తలేదు."

"అట్లనా," అన్నాడు. అని మూడు సాసర్లూ నా ముందుకి జరిపాడు. మొదటి సాసరు నిండా నట్లు. రెండోదానిలో గుప్పెడు. మూడోదానిలో రెండే రెండు.

"గిదేంది తాతా?"

"నీ చెయ్యి ఎన్నిసార్లు పని ఇడిచిపెట్టి చెవికాడికి పోయిందో, అన్ని."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా చెవులు పాఠంతో నిండి ఉన్నాయి కాబట్టి సాసర్లో నట్టు పడిన చప్పుడు నాకు వినిపించలేదు. నా చెయ్యి అన్నిసార్లు లేచిందని కూడా నాకు తెలియదు. నేను అబద్ధం ఆడానని ఆయన అనలేదు. కోప్పడి ఉంటే నేనూ ఎదురు తిరిగి వెండివాటి గొప్ప చెప్పి ఉందును, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆయన తన కార్ఖానా సంగతి ఎత్తుకున్నాడు.

"కార్ఖానల ఒకని మాట ఒకనికి ఇనపడది బిడ్డా. ఇనపడ్డా సుత, సాంచె ఆపితే కూలి పోతదని నడిపెటోడు మంచిగనే నడుస్తున్నదంటడు. అది జూట మాట కాదు, పొట్ట మాట. నేను సాంచెకన్నా ముందు ఆని చెయ్యిని చూస్తుంటి. చెయ్యి మళ్ల మళ్ల ఏడికి పోతున్నదో, పానా ఆడ పెడుతుంటి."

అంతలో గుమ్మంలో నీడ పడింది. అక్క వస్తోంది. నేను సాసర్ల వైపు చూశాను. తాత అప్పటికే మూడింటినీ డబ్బాలో గుమ్మరించేసి మూత పెట్టేశాడు. నా మాట తప్పని చెప్పే సాక్ష్యం ఇక ఆ గదిలో ఏదీ లేదు. అక్క చేతులకి ఇంకా బంక అంటుకునే ఉంది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నువ్వు ఏది అంటే అదే ఉంచుకుంటాను చెల్లె అంది. తాత గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. వెండివి నా ఒళ్లోనే మెరుస్తున్నాయి. రోజంతా అవి పెట్టుకుని, చెవులు నొప్పి పుడుతుంటే, సగం మాటలు బిందెలో పోగొట్టుకుంటూ అక్క చదువుకోవడం నా కళ్ల ముందు కనిపించింది. అప్పుడు నిజంగా సిగ్గేసింది. బూడిద రంగువి తీసి అక్క చేతిలో పెట్టాను. వీటితో పాటలు బాగుండవు కానీ పాఠం బాగుంటుంది, చెవి నొయ్యదు అని చెప్పాను. వెండివి వెనక్కి ఇచ్చి గడియారం తెచ్చుకునేటప్పుడు ఒక్క నిమిషం ఏడుపొచ్చిన మాట కూడా నిజమే.

అక్క ఆ నెలంతా వాటిని చెవుల్లోంచి తీయలేదు. పరీక్ష పాసైంది. ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఫాఫ్డా, జిలేబీ తెచ్చి గల్లీలో సగం మందిని ఆ ఒక్క గదిలోకి పిలిచాడు. ఎవరూ నిద్రపోవడం లేదు కాబట్టి అందరం గొంతెత్తి మాట్లాడుకున్నాం. అక్క వాళ్ల అన్న ఒక ముచ్చట చెప్పాడు. అక్క చెవుల్లో అవి పెట్టుకుని, తన గొంతు తనకి వినపడక, పానిపట్టు యుద్ధం మొత్తం గట్టిగా అరిచి అప్పజెప్పేదట. ఒకరోజు ఆయన నిద్రలోంచి లేచి కూర్చుని, యుద్ధం అయిపోయిందా, నేనిక పండుకోవచ్చా అని అడిగాడట. గది గదంతా పడీ పడీ నవ్వింది. అక్కకైతే నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

తాత గుమ్మం పక్కన కూర్చున్నాడు. అందరూ నవ్వుతుంటే ఆయనా నవ్వుతున్నాడు. చెవులు పోయినందుకు బాధ లేదా అని ఎవరైనా అడిగితే, ఇంట్లో లొల్లి ఇనపడది, నాకేం కొదువ అనేవాడు. మేమంతా ఆ మాట నమ్మేశాం. ఆ సాయంత్రం మాత్రం నేను ఆయన చేతిని చూశాను. అన్న అటు తిరిగి మాట్లాడుతున్నాడు, ఆయన పెదాలు తాతకి కనపడవు. నవ్వు లేచినప్పుడల్లా తాత చెయ్యి మోకాలి మీంచి లేచి చెవి వెనక్కి వెళుతోంది. కాసేపు అక్కడే ఆగి, మెల్లగా దిగుతోంది. మళ్లీ నవ్వు, మళ్లీ చెయ్యి. అలా ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేకపోయాను.

జిలేబీ పళ్లెం పక్కన పెట్టి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. పెదాలు బాగా కదిపి, ముచ్చటంతా మొదటి నుంచీ చెప్పాను. అందరి నవ్వూ అయిపోయాక, గదంతా వేరే మాటల్లో పడ్డాక, మా తాత ఒక్కడే గట్టిగా, చాలాసేపు నవ్వాడు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. ఎవరైనా నాకేం, బాగానే ఉన్నాను అంటే, సరే అంటాను గానీ చూపు వాళ్ల చేతి మీదికి పోతుంది. ఆ చెయ్యి మళ్లీ మళ్లీ ఒక చోటికే పోతుంటే, చేస్తున్న పని ఆపి వాళ్ల ఎదురుగా వెళ్లి కూర్చుంటాను.